ఎనుముకు కప్పిన దుప్పటి

కర్నూలు సంతాన సాఫల్య కేంద్రంలో డాక్టరమ్మ తెర మీద చూపించింది. గుండ్రటి అండం చుట్టూ తోకలాడిస్తూ వందల వీర్యకణాలు. ఒక్కటి పొర తొలుచుకుని లోపలికి పోగానే అండం మిగతావాటికి దారి మూసేస్తుంది. "మీకైతే ఆ ఒక్కదాన్ని మేమే సన్నటి సూదితో పంపించాం. పిండాన్ని చలిలో దాచాం," అంది. పక్కగదిలో ఎవరో క్యాను మూత తీశారు. తెల్లటి పొగ నేల మీదికి జారింది.

ఆ పొగను చిన్నప్పుడు ఓర్వకల్లు దగ్గర మా అవ్వ కొట్టంలో చూశాను. గేదెను మేము ఎనుమంటాం. మా ఎనుము ఎన్నిసార్లు సూది వేయించినా చూడి కట్టలేదు. ఈసారీ కట్టకపోతే సంతకు తోలేస్తామన్నారు ఇంట్లో. పశువుల డాక్టరు అలాంటి క్యానులోంచే సన్నటి గొట్టం బయటికి లాగాడు.

"దాంట్లో ఏముండాది?" అని అడిగాను.

"దూడకు నాయన ఉండాడు పాపా. శానా చలిలో పెట్టినాం."

ఆయన పని ముగించుకుని పోగానే నేను అవ్వ కప్పుకునే దుప్పటి తెచ్చి ఎనుము మీద కప్పాను. మిట్టమధ్యాహ్నం, బండలు కాలిపోతున్నాయి.

"ఏం చేస్తాండావే?" అంది అవ్వ.

"లోపలికి పోయినాడే, ఆయప్పకు చలి పెడ్తాంటాది అవ్వా."

అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే జారిపోతున్న దుప్పటిని సర్దింది.

ఎనుము ఈసారి ఈనింది. అదంతా దుప్పటి చలవేనని చాలాకాలం నమ్మాను.

ఈరోజు పిండాన్ని నా కడుపులో ఉంచారు. బయట ఎండ మండిపోతోంది. నేను దుప్పటి అడిగితే నర్సు వింతగా చూసింది.

"చలిగా ఉండాదా అక్కా?"

"నాకు కాదు," అన్నాను.