బ్యూలా చదివిన కీర్తనలు

మోరిస్‌విల్‌లో నేను పనిచేసే లైబ్రరీలో, పిల్లల పుస్తకాల వెనకున్న చిన్న గదిలో, ఒక లామినేషన్ మెషీను ఉంది. వేసవి సెలవుల ముందు వారమంతా అది ఆగకుండా నడుస్తుంది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కారిడార్ దాకా వచ్చి అక్కడే నిలబడిపోతుంది. అమ్మ అనగానే అందరికీ పోపు వాసనో మల్లెపూల వాసనో గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం ఈ వాసనే గుర్తొస్తుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అద్దె ఇల్లు, డైనింగ్ టేబులు మీద పరిచిన పువ్వుల ఆయిల్‌క్లాతు, మెషీనులోంచి నిదానంగా బయటికొస్తున్న కాగితాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులతో అందుకునే మా అమ్మ, అన్నీ కళ్ళముందుకొస్తాయి. గుణింతాలు, ఎక్కాలు, అమెరికా రాష్ట్రాల పటం, వేరు నుంచి కాయ దాకా చెట్టు భాగాలు, అన్నిటికీ అమ్మ ప్లాస్టిక్ తొడుగు వేసేది. చెమట చేతులతో మేము ఎన్నిసార్లు పట్టుకున్నా పాడవకూడదని ఆమె పట్టుదల.

నాన్న పాస్టరు. ఆయన సంఘం ఒక అమెరికన్ చర్చి వెనకవైపు హాల్లో, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి కూడేది. ఉదయం ఆరాధన ముగించుకుని వాళ్ళు వెళ్ళిపోయాక వాళ్ళ కాఫీ వాసన ఇంకా గాల్లో ఉండగానే మేము వెళ్ళి మడత కుర్చీలు వరసగా వేసేవాళ్ళం. గుంటూరు, ఒంగోలు, వరంగల్ నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే ముప్పై, నలభై కుటుంబాలవాళ్ళు వచ్చేవారు. వారమంతా ఆఫీసుల్లో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే ఆ మనుషులు, ఆ హాల్లో అడుగుపెట్టగానే చేతులు జోడించి నాన్నను అయ్యగారనీ, అమ్మను అమ్మగారనీ పిలిచేవారు. ఆ పిలుపు మా ఇంటికి ఒక గోడ కట్టిందని నాకప్పుడు తెలియదు.

వాళ్ళలో సగంమంది ఫ్రిస్కోలో ఇల్లు కొన్నదే అక్కడి స్కూళ్ళ కోసం. మేమిద్దరం, అంటే నేను హెప్సిబాని, నాకంటే ఐదేళ్ళు చిన్నదైన చెల్లెలు బ్యూలా, ఆ స్కూళ్ళ నడుమనే ఉంటూ వాటి గడప తొక్కకుండా పెరిగాం. పొద్దున ఏడుంబావుకు పసుపుపచ్చ స్కూలు బస్సు మా మలుపులో ఆగి, బుస్సుమని తలుపు తెరిచి, పిల్లల్ని ఎక్కించుకుని పోయేది. మేం కిటికీ దగ్గర పాలగ్లాసులు పట్టుకుని చూసేవాళ్ళం. బయటి గాలి సోకకుండా పిల్లల్ని దైవభయంలో పెంచాలని నాన్న కోరిక. అమ్మ కారణం వేరు. గుంటూరులో ఆమె తొమ్మిదేళ్ళు లెక్కల టీచరు. ఇక్కడ ఆమె వీసాతో ఉద్యోగం చెయ్యడానికి లేదు. నేర్పడానికి మేమిద్దరమే దొరికాం. టెక్సస్‌లో ఇంట్లో చదువు చెప్పుకునేవాళ్ళని ఏం చెబుతున్నారనీ, ఎంతవరకు వచ్చిందనీ అడిగేవాళ్ళుండరు. మొదట్లో అది మాకు స్వేచ్ఛలాగే ఉండేది.

ప్రార్థన, టిఫిను అయ్యాక అమ్మ ఇస్త్రీ చేసిన నూలుచీర కట్టుకుని, పిన్ను పెట్టుకుని, ముందు తలుపు తీసుకుని బయటికి వెళ్ళేది. ఒక నిమిషం తర్వాత డోర్‌బెల్ మోగేది. తలుపు తీసేసరికి అమ్మ ఉండేది కాదు, టీచరు ఉండేది. "గుడ్ మార్నింగ్ టీచర్" అని లేచి నిలబడితే, ఆమె రిజిస్టరు తెరిచి, ఉన్నదే ఇద్దరమైనా, హాజరు పిలిచేది. "హెప్సిబా." "ప్రెజెంట్ టీచర్." "బ్యూలా." బ్యూలాకి అప్పుడు నాలుగేళ్ళు. కుర్చీలో దాని కాళ్ళు నేలకందేవి కావు. ఆకలేసినా పన్నెండు దాకా అమ్మా అని పిలవడానికి వీల్లేదు. ఒకసారి అది ఏడుస్తూ "టీచర్, మా అమ్మని పిలవండి" అంటే, అమ్మ బల్ల కిందికి వంగి నవ్వు దాచుకోవడం నేను చూశాను.

వేసవిలో టార్ రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకునేది. మా వీధి చివర ఎప్పుడూ కొత్త ఇళ్ళు కట్టేవారు. అక్కడ పారేసిన టైలు ముక్కలు ఏరుకొచ్చి, సంఘం పిల్లలతో చర్చి పార్కింగ్ లాట్‌లో ఏడుపెంకులాట ఆడేవాళ్ళం. వాళ్ళు మమ్మల్ని జాలిగా, కొంచెం అనుమానంగా, "మీకు రిసెస్ ఉంటదా, ఆడుకోనిస్తారా? మీకు గ్రేడ్స్ ఎవరిస్తారు?" అని అడిగేవారు. వసంతంలో నిమ్మకాయలంత వడగళ్ళు పడి కార్ల పైకప్పులు సొట్టలు పోయేవి. నవంబరు చివర చలిగాలి మొదలవగానే వరండాలో కాగితం నక్షత్రం వేలాడేది. వాసన ఇల్లంతా పట్టకుండా గరాజ్‌లో రెండో పొయ్యి పెట్టుకుని, స్వెట్టరు మీద చీరకొంగు దోపుకుని, అమ్మ అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు వండేది. అరిసె పాకం ముదిరిందో లేదో చూడమని గిన్నెలో నీళ్ళలో బొట్టు వేసి నాకే ఇచ్చేది. క్రిస్మస్ ముందు వారాల్లో తబలా, గిటారు కారులో వేసుకుని, ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడి, ప్రతి ఇంట్లో వేడి సూపు తాగి, తిరుగు దారిలో ఒకరి ఒళ్ళో ఒకరం నిద్రపోయేవాళ్ళం.

నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. నాన్న ఆ సంగతి మందిరంలో మైకులోనే చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఐదో నెల దాటాక ఒక మంగళవారం, భిన్నాలు చెబుతూ చెబుతూ, అమ్మ మార్కరు బల్ల మీద పెట్టి, "హెప్సీ, నాన్నని పిలువు" అంది. మూడు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఒక్కతే వచ్చింది. ఆ ఆదివారం నాన్న కృతజ్ఞత గురించి ప్రసంగించారు. అమ్మ మొదటి వరసలో, తల మీద కొంగు కప్పుకుని, కదలకుండా కూర్చుంది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, దేవుడు మళ్ళీ ఇస్తాడమ్మగారూ అని చెయ్యి పట్టుకుని వెళ్ళారు. ఆమె అందరికీ తలూపింది.

బడి ఒక్కరోజులో ఆగలేదు. ముందు డోర్‌బెల్ ఆగింది. తర్వాత నూలుచీర పోయి నైటీ వచ్చింది. తర్వాత పదింటికి మొదలయ్యేది, తర్వాత వారానికి రెండు రోజులు. ఆ తర్వాత అమ్మ గది తలుపు మధ్యాహ్నం దాకా తెరుచుకునేది కాదు. తెరిచినా, ఆమె గోడవైపు తిరిగి పడుకునే ఉండేది. ఆదివారం మాత్రం లేచేది. స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, మొదటి వరసలో కూర్చుని, ఇంటికొచ్చి మళ్ళీ పడుకునేది. నాన్న పొద్దున్నే ఉప్మా చేసి, ఒక ప్లేటు ఆ గదిలో పెట్టి, బయటికొచ్చి మా ఇద్దరి తలల మీద చేతులుంచేవారు.

"అమ్మ కోసం ప్రార్థన చెయ్యండమ్మా. బయట ఎవరితోనూ అనొద్దు. కాపరి ఇల్లే ఇలా ఉందని తెలిస్తే మందకు ధైర్యం పోతుంది."

నేను అనలేదు. ఇంటికి ఫోన్ చేసిన ఆంటీలకి, "అమ్మ ఫాస్టింగ్ ప్రేయర్‌లో ఉంది ఆంటీ" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. "అబ్బ, ఎంత భక్తి!" అనేవారు వాళ్ళు. పొద్దున రిజిస్టరు తెరిచి హాజరు పిలిచేదాన్ని. నా లెక్కలు నేనే చేసుకుని, వెనక పేజీల్లో జవాబులు చూసి నేనే దిద్దుకునేదాన్ని. బ్యూలాకి అక్షరాలు చూపించేదాన్ని. ఇవాళ గుర్తుపట్టినవి రేపటికి దానికి కొత్తవై కూర్చునేవి. తెలుగైనా అంతే, ఇంగ్లీషైనా అంతే. ఒక్కో మాట ముందు తడుముకుని, చివరికి నా మొహంలోకి చూసేది. నాకు విసుగొచ్చి అరిచేదాన్ని. గొంతు పెరిగితే పక్కగదిలో అమ్మకు వినబడుతుందని మళ్ళీ తగ్గించుకునేదాన్ని.

కానీ బ్యూలాకి చెవి ఉంది. ఒక కీర్తన రెండుసార్లు వింటే మూడోసారి అప్పజెప్పేది, నాన్న ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అక్కడే ఊపిరి తీసుకుంటూ. అది చూసి నాకొక ఉపాయం తట్టింది. ఆదివారం పిల్లలు వాక్యం చదివే వంతు ఎవరిదో, ఏ భాగమో నాన్న గురువారమే చెప్పేవారు. ఆ మూడు రోజులూ నేను చదివి వినిపించేదాన్ని. ఆదివారం అది బైబిలు తెరిచి పట్టుకుని, వేలు వరసల కింద జరుపుతూ, కళ్ళు దించుకుని, తప్పులేకుండా చెప్పేది. వేలు ఎంత వేగంగా జరపాలో కూడా నేనే నేర్పాను. "ఏడేళ్ళ పిల్ల తెలుగు ఎంత బాగా చదువుతుందో చూడండి" అని ఇంట్లో తెలుగు మాట్లాడని తమ పిల్లలకి చెప్పేవారు పెద్దవాళ్ళు. నాన్న కళ్ళు మెరిసేవి. మా ఇంట్లో ఆ రోజుల్లో మెరిసేది అదొక్కటే. దాన్ని ఆర్పడానికి నాకు చేతులు రాలేదు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆ డిసెంబరులో క్రిస్మస్ కార్యక్రమం నాడు హాలు నిండిపోయింది. వేరే ఊళ్ళ పాస్టర్లు కూడా వచ్చారు. బ్యూలాకి ఎనిమిదేళ్ళు, ఎర్ర పట్టులంగా కట్టుకుంది. అది చెప్పాల్సిన భాగాన్ని అతిథిగా వచ్చిన పాస్టరు ముందే తన ప్రసంగంలో చదివేశారు. నాన్న నవ్వుతూ మైకు దాని చేతికిచ్చి, "బ్యూలమ్మా, నువ్వు దాని తర్వాత అధ్యాయం చదువు తల్లీ" అని పేజీ తిప్పి పెట్టారు.

బ్యూలా పేజీ వైపు చూసింది. వేలు మొదటి వరస కింద పెట్టింది. జనంలో నాకోసం వెతికింది. నేను కుర్చీల చివర ప్రసాదు అంకుల్ వీపు వెనక్కి జరిగాను. ఎందుకు జరిగానో ఇప్పటికీ నాకు తెలుసు, అదే బాధ. అది తనకొచ్చిన పాత భాగమే మొదలుపెట్టింది. ఎవరో చిన్నగా నవ్వారు. నాన్న వంగి, "అది కాదమ్మా, ఇది, ఇక్కడ" అని వేలితో చూపించారు. బ్యూలా ఆగిపోయింది. మైకులో దాని ఊపిరి మాత్రమే వినబడింది. మొదటి వరసలోంచి అమ్మ లేచింది. స్టేజీ ఎక్కి, బైబిలు మూసి, బ్యూలా చెయ్యి పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా హాలు మధ్యలోంచి బయటికి నడిచింది. ఆ రెండేళ్ళలో ఆమె తనంతట తాను చేసిన మొదటి పని అది.

మర్నాడు ఉదయం లిల్లీ ఆంటీ మా ఇంటికొచ్చింది. ఆమె వరంగల్ మనిషి, నర్సు. మా సంఘంలో తక్కువ మాట్లాడే మనిషి. నన్ను దాటుకుని నేరుగా అమ్మ గదిలోకి వెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి, నాన్న ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయ్యగారూ, ఎన్ని రోజులైంది ఇట్ల?"

నాన్న టేబులు మీది ఆయిల్‌క్లాతు అంచు సర్దారు. ఆమె నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా."

"టూ ఇయర్స్ ఆంటీ," అన్నాను. నాన్న నన్ను చూసిన చూపులో కోపం లేదు. అది ఇంకా కష్టం.

"ప్రార్థన చేస్తున్నామమ్మా," అన్నారు నాన్న మెల్లగా.

"చెయ్యండి. ఆపమంటలేను. డాక్టర్ దగ్గరికి కూడ తీస్కపోదాం అంటున్న. ఇది ఒళ్ళు బాగలేకపోవుడే అయ్యగారూ, విశ్వాసం తక్కువైతే వచ్చింది కాదు."

నాన్న మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చారు. ఆయన ఏడుపు ప్రార్థనలో తప్ప అంతకుముందు నేను వినలేదు.

జనవరిలో మేము ఆ పసుపుపచ్చ బస్సు ఎక్కాం. బ్యూలాని పరీక్షించి, అక్షరాలు తారుమారయ్యే ఇబ్బంది దానికి పుట్టుకతోనే ఉందనీ, ముందే తెలిసుంటే బాగుండేదనీ చెప్పారు. తనకంటే చిన్నపిల్లల మధ్య, చిన్నబల్ల దగ్గర మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఇంటికొచ్చి నాతో మాట్లాడేది కాదు. అమ్మ మందులు వాడింది, లేచింది, వండింది, చాలా రోజులకు నవ్వింది కూడా. చదువు మాత్రం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. సంఘంలో ఎవరూ ఎదురుగా ఏమీ అనలేదు. సొంత ఇల్లు చక్కబెట్టుకోలేనివాడన్న మాట మాత్రం చుట్టూ తిరిగి మాకు చేరింది. ఒక్కో కుటుంబమే వేరే చర్చికి వెళ్ళడం మొదలుపెట్టింది. మూడో ఏడు వచ్చేసరికి హాల్లో నాలుగు వరసల కుర్చీలు చాలేవి. ఒక ఆదివారం నాన్న చివరి ఆశీర్వాదం చెప్పి, హాలు తాళం అమెరికన్ పాస్టరుకు అప్పగించి వచ్చారు. తర్వాత ఆయన ఒక ఆసుపత్రిలో రోగుల కోసం ప్రార్థించే ఉద్యోగంలో చేరారు. ఇప్పటికీ అదే చేస్తున్నారు.

పోయిన నెల ఫ్రిస్కో వెళ్ళాను. ఆ హాలున్న చోట ఇప్పుడు పిల్లలకి ఈత నేర్పే కొలను ఉంది. ఏడుపెంకులకి ముక్కలు ఏరుకున్న వీధుల్లో ఖాళీ స్థలమన్నదే లేదు. క్రిస్మస్ పిండివంటలు డబ్బాల్లో దుకాణాల నుంచి వస్తున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మా నేనూ బెండకాయలు తుడుచుకుంటూ కూర్చున్నాం. బ్యూలా ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. ఇన్నేళ్ళుగా మోస్తున్నది ఎందుకో ఆ రోజు నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, దానికి చదవడం రాదని నాకు తెలుసు. తెలిసే దాచాను."

అమ్మ చేతిలోని కాయను పళ్ళెంలో పెట్టింది.

"నాకూ తెలుసే," అంది. "గోడకి ఇవతలే కదా నేను పడుకుంది. అంతా వినపడేది. నువ్వు అరవడం, అది తడబడటం. ఒక లైను వినగానే నాకర్థమైపోయింది దానికేదో ఇబ్బందుందని. నేను టీచర్ని కదా. లేవాలి లేవాలి అనుకునేదాన్ని. కాళ్ళు నావి కానట్టుండేవి."

నేను ఇంకో బెండకాయ తీసుకుని తుడిచాను. ఆమె తప్పనలేను, కాదనీ అనలేను. ఇన్నేళ్ళూ ఆ గోడ అవతల ఎవరూ లేరనుకుని ఒంటరిదాన్నయ్యాను. ఉన్నారని తెలిశాక ఆ ఒంటరితనం తగ్గలేదు, ఇంకొంచెం పెద్దదయింది.

బయట బ్యూలా కారు వచ్చి ఆగిన చప్పుడైంది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"దానికి చెప్పకు హెప్సీ."

పదకొండేళ్ళప్పుడైతే తలూపేదాన్ని. ఆమె వేళ్ళ మీద నా చెయ్యి వేసి, "నేను చెప్పనమ్మా. నువ్వే చెప్పాలి," అన్నాను. తలుపు తెరుచుకుంది. బ్యూలా చెప్పులు విప్పుతూ మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది?" అంది.

నేను కత్తిపీట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. గోడ అవతల, చాలాసేపటికి, అమ్మ గొంతు మొదలైంది.