మేనేజర్ బాబాయికి మేం చేసిన వీడ్కోలు

నాకు ముక్కు మీద కోపం. ఫుట్‌బాల్ చూసేటప్పుడు అది ముక్కు దిగి నోట్లోకి వస్తుంది. మా టౌన్‌షిప్‌లో సెక్టర్ 4 గ్రౌండులో పడమటి వైపు సిమెంటు మెట్లున్నాయి. ఆ మెట్ల మీద మా సెక్టర్ క్లబ్బు అభిమానులం నలభై యాభై మందిమి చేరతాం. ఆడవాళ్లలో ప్రతి ఆదివారం వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. చిన్నప్పుడు మా నాన్న ఫస్ట్ షిఫ్ట్ దిగి, అన్నం తిని, నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చేవాడు. నాన్న పోయి పదేళ్లు దాటినా ఆ అలవాటు పోలేదు. మార్కెట్లో నాకో చిన్న దుకాణం ఉంది. జిరాక్సులు తీస్తాను, ఫ్లెక్సులు కొడతాను. ఆదివారం మూడింటికల్లా షట్టర్ దించేసి గ్రౌండుకి పోతాను.

మా టీము మేనేజర్ని నేను బాబాయి అని పిలుస్తాను. చుట్టరికమేమీ లేదు. ఆయనా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడు ఈ హిందీ రాష్ట్రంలోని ఉక్కు ప్లాంటుకి వచ్చి, ఒకే మిల్లులో, ఒకే షిఫ్టులో పాతికేళ్లు పనిచేశారు. మా ఊళ్లో అంతకన్నా దగ్గర చుట్టరికం ఉండదు. ఆయన ప్లాంటు నుంచి రిటైరయ్యాక టీము బాధ్యత తీసుకుంటే అందరికన్నా ఎక్కువ సంతోషించిందాన్ని నేనే. అప్పుడు సంతోషించినందుకు తర్వాత నన్ను నేనే ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

ఆయన టీముని డ్యూటీ చార్టు మీద నడిపేవారు. అతిశయోక్తి కాదు, నిజంగానే చార్టు. గళ్లు గీసి, పేర్లు రాసి, ఎవరు ఫస్ట్ హాఫ్, ఎవరు సెకండ్ హాఫ్, ఎవరికి వీక్లీ ఆఫ్ అని గురువారమే ఖరారు చేసేవారు. అందరికీ సమానంగా వంతులు. ఆ చార్టు జిరాక్సుకి వచ్చేది నా దుకాణానికే. అంటే ఆదివారం మేం ఎలా ఓడిపోతామో గురువారమే నా చేతిలో ఉండేది.

“బాబాయ్, ఉతై అబ్బాయిని మళ్లీ హాఫ్ టైమ్‌లో తీసేశారేటి?” అని అడిగాను ఒక గురువారం. పక్కనున్న ఉతై గ్రామం నుంచి బైకు మీద వచ్చే ఆ వెల్డరు మా సెంటర్ ఫార్వర్డ్. టీములో గోలు కొట్టడం తెలిసినవాడు అతనొక్కడే.

“ఆడి వంతు అంతే కదమ్మా. రెండో హాఫ్ ఇంకొకడిది.”

“ఆ ఇంకొకడు బంతిని కాల్తో తన్నాలో తలతో తన్నాలో తేల్చుకునేసరికి మ్యాచ్ అయిపోతంది.”

“ఆడికీ ఛాన్సివ్వాలి కాదేటి? ఒక్కడి మీదే మిల్లు నడిపితే రేపు ఆడికి జ్వరమొస్తే ఏటి చేస్తావు? చార్టు చార్టే. రెండు కాపీలు తియ్యి.”

గోడకి చెప్పినా ఒకటే, ఆయనకి చెప్పినా ఒకటే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నేను పళ్లు నూరుకుంటూ రెండు కాపీలు తీసిచ్చాను.

ఆ ఆదివారం ఉతై అబ్బాయి ఫస్ట్ హాఫ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. మెట్ల మీద మేం ఎగిరి గంతులేశాం. హాఫ్ టైమ్ కాగానే అతను వచ్చి బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. చార్టు ప్రకారం అతని డ్యూటీ అయిపోయింది. సెకండ్ హాఫ్‌లో మాకు మూడు గోల్స్ పడ్డాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్ల మీద ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూ, తెలుగులో హిందీలో నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. “మేనేజర్ హటావో”, మేనేజర్ని తీసెయ్యండి, అని నేను మొదలుపెడితే మిగతావాళ్లు అందుకున్నారు. ఆయన మాకు వీపు పెట్టి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. జీవితమంతా రోలింగ్ మిల్లు చప్పుడులో పనిచేసినవాడికి మా అరుపులొక లెక్కా?

ఇంకో రెండు మ్యాచ్‌లు పోతే మా క్లబ్బు రెండో డివిజన్‌కి దిగిపోతుంది. మా నాన్న వర్షంలో తడుస్తూ, ఎండలో మాడుతూ అరిచి నిలబెట్టుకున్న టీము అది. ఆ చలికాలమంతా నాకు కావలసింది ఒక్కటే, ఆయన వెళ్లిపోవాలి. సంతకాలు పెట్టించి క్లబ్బు కమిటీకి కాగితం ఇచ్చాం. కమిటీలో ఉన్నది పేకాడుకునే ముగ్గురు పెద్దమనుషులు. “సీనియర్ ఆద్మీ హై, కైసే బోలేంగే”, అంత పెద్దాయనకి ఎలా చెబుతాం, అని వాళ్లు కాగితాన్ని పేకముక్కల కింద పెట్టుకున్నారు. నాకు రాత్రి అన్నం సయించేది కాదు. దుకాణంలో గిరాకీల మీద విసుక్కునేదాన్ని. మా ఆయన “ఫుట్‌బాల్ మానెయ్, లేదా నన్ను మానెయ్” అన్నాడు. రెండూ మానలేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పాడు ఆలోచన అని ఇప్పుడంటున్నాను గాని, ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఊళ్లో ప్లాంటు మనిషి రిటైరైతే ఒక పద్ధతుంది. తోటి పనివాళ్లు ఆఖరి షిఫ్టు రోజున మెడలో దండ వేసి, శాలువా కప్పి, డోళ్లూ తాషాలూ కలిపి వాయించే ధుమాల్ బృందంతో ఇంటి గుమ్మం దాకా ఊరేగించి దిగబెడతారు. ముందు ఫ్లెక్సు నడుస్తుంది. అలాంటి ఫ్లెక్సులు నేను వందల్లో కొట్టాను. మ్యాచ్ అవగానే బాబాయికి గ్రౌండులోనే ఆ సన్మానం చేసేద్దాం అన్నాను. గేటు దాకా వాయించి, గేటు బయట వదిలేసి, “హటావో” అని ఒక్కసారి అరిచి వచ్చేద్దాం. ఊరంతా నవ్వుతుంది, సిగ్గేసి ఆయనే మానేస్తారు. మెట్ల మీద అందరూ పడీ పడీ నవ్వారు. “దీదీ, మీ బుర్రే బుర్ర” అన్నారు.

ఫ్లెక్సు నేనే కొట్టాను. ఎత్తిపొడుపు మాటలేవో రాద్దామనుకున్నాను, కాని కంప్యూటర్లో తయారుగా ఉన్నదాన్ని అలాగే వాడితేనే మజాగా ఉంటుందనిపించింది. పైన గులాబీలు, మధ్యలో ఫోటో, కింద హిందీలో “మీ దీర్ఘకాల సేవలకు కృతజ్ఞతలతో, సుఖమైన విశ్రాంత జీవితం కోరుతూ”. పేరూ ఫోటో తప్ప ఒక్క అక్షరం మార్చలేదు.

ఆదివారం మ్యాచ్ గోల్ లేకుండా డ్రా అయింది. విజిల్ ఊదగానే గేటులోంచి ధుమాల్ వచ్చింది. మేం మెట్లు దిగి గ్రౌండులోకి పోయాం. బంతిపూల దండ నా చేతిలో ఉంది. నేను నవ్వాపుకోలేకపోతున్నాను. ఆయన మెడలో దండ వేస్తుంటే వెనక మావాళ్లు ఫోన్లు పట్టుకుని కిచకిచలాడుతున్నారు. ఇంకొకడు శాలువా కప్పాడు.

ఆయన ఫ్లెక్సు వైపు చూశారు. కళ్లజోడు సవరించుకుని, పెదాలు కదుపుతూ పైనుంచి కింద దాకా చదివారు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. ఏమైనా అంటారేమో, దండ తెంచి నా మొహాన కొడతారేమో అనుకున్నాను. ఆయన రెండు చేతులూ జోడించి అందరికీ ఒక దండం పెట్టి, గేటు వైపు నడిచారు.

గేటు దగ్గర ఆగలేదు. దండ వేసుకున్న మనిషి ఎటు నడిస్తే అటు పోవడమే ధుమాల్ వాళ్లకి తెలిసిన పని. ఆయన ఇంటి వైపు తిరిగారు, వాళ్లూ తిరిగారు. ఫ్లెక్సు పట్టుకున్న ఇద్దరూ నా మొహం చూశారు. నేనేం చెప్పను? “హటావో” అనాల్సిన నోళ్లు ఎవరివీ పెగల్లేదు. అందరం వెనక పడి నడిచాం.

మా ఊళ్లో దండా, శాలువా, ధుమాల్ కనిపిస్తే అది రిటైర్మెంటే. దానికింకో అర్థం లేదు. క్వార్టర్ల గుమ్మాల్లోంచి జనం బయటికి వచ్చారు. డ్యూటీ దిగి వస్తున్న ఒకాయన స్కూటరు ఆపి, దిగి, హెల్మెట్ తీసి, బాబాయి కాళ్లకి దండం పెట్టాడు. ఎవరో ఆడవాళ్లు చేటలో పూలరేకులు తెచ్చి చల్లారు. బాబాయి ప్రతి ఒక్కరికీ ఆగి దండం పెడుతున్నారు. ఆయన వెన్ను నిటారుగా పెట్టి నడుస్తున్నారు. నేను ఆయన వెనకే నడుస్తున్నాను.

గుమ్మంలో పిన్ని, అంటే ఆయన భార్య, హారతి పళ్లెం పట్టుకుని వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ హారతిచ్చింది. ధుమాల్ ఆగింది. ఆయన మెట్టు మీద నిలబడి మాట్లాడారు.

“నేను రిటైరైన్నాడు లాక్‌డౌన్. ఎవ్వుల్నీ కలవనివ్వనేదు. కిటికీలోంచి గేట్‌పాస్ తీసీసుకుని ఎల్లిపొమ్మన్నారు. ముప్పై ఆరేళ్లు చేసినోడ్ని, చేతిసంచీ పట్టుకుని ఒక్కడ్నీ నడుచుకొచ్చీసేను. తలుపు తీసి మీ పిన్ని, ‘అయిపోయిందేటి?’ అంది. నాకు అయిపోయినట్టు అనిపించనేదు. అందుకే టీము నెత్తినెట్టుకున్నాను, ఇంకా డ్యూటీలో ఉన్నట్టుండీది.” మెడలో దండ సర్దుకున్నారు. “మీకు నా మీద కోపముందనుకున్నాను. మెట్ల మీంచి వినబడీది కదా. ఇంత పని చేస్తారనుకోనేదు. ఈయేళ నేను రిటైరయ్యాను. టీముని ఇంక మీరు చూసుకోండి.”

తర్వాత నా వైపు తిరిగి, “మీ నాన్న రిటైరైన్నాడు దండ నేనే ఏసేనమ్మా. ఈయేళ నువ్వు నాకేసేవు” అన్నారు.

పిన్ని జిలేబీలు తెప్పించింది. అందరికీ తలా రెండు పెట్టింది.  మాకు కావలసింది మాకు దొరికింది. రోడ్డు మీదకి వచ్చాక అందరం ఒట్టు పెట్టుకున్నాం, ఇదంతా ఎగతాళికి చేశామన్న సంగతి ఆయన చెవిన పడకూడదని. ఫోన్లలో వీడియోలు తుడిపించాను. ఒకడు మొరాయిస్తే ఫోను లాక్కుని నేనే తుడిచేశాను.

కాని నలభై మంది నోళ్లు ఎలా కుట్టేస్తాను? అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గతంలో ఆయన ఉన్నారని కుదురు లేదు, ఇప్పుడు ఆయనకి తెలుస్తుందేమోనని కుదురు లేదు. దుకాణంలో ఎవరు నవ్వినా దాని గురించేనేమో అనిపించేది. కొత్త మేనేజర్ వచ్చాడు. ఉతై అబ్బాయి మ్యాచ్ మొత్తం ఆడాడు, వరసగా రెండు గెలిచాం. నేను చప్పట్లు కొట్టాను గాని, మనసు మెట్ల కింద జరిగే గుసగుసల మీదే ఉండేది.

మూడో ఆదివారం నందిని గనుల టీముతో మ్యాచ్. ఆట మొదలవుతుండగా బాబాయి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బెంచీ వైపు పోకుండా మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నారు. “రిటైరైనోడు ఇంట్లో కూచుంటే మీ పిన్ని ఊరుకోదు” అన్నారు. మావాళ్లందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆయన చాలా ఉషారుగా ఉన్నారు.

మా వెనక మెట్టు మీద నందిని నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు. వాళ్ల టీము అభిమాని, బాబాయిని ఎరగడు. సెకండ్ హాఫ్‌లో ఆట నెమ్మదించినప్పుడు, కబుర్లకోసం ముందుకి వంగి హిందీలో ఆయనతోనే అన్నాడు. “అంకుల్, మీవాళ్లు పాత మేనేజర్ని వెళ్లగొట్టడానికి ఉత్తుత్తి రిటైర్మెంట్ చేశారట కదా? దండేసి, ధుమాల్ పెట్టి? ఆ పిచ్చాయన నిజమనుకుని ఇంటిదాకా నడిచాడట. మా కాలనీలో చెప్పుకుని ఒకటే నవ్వు.”

నేను వెనక్కి తిరిగి అతని నోరు నొక్కేద్దామనుకున్నాను.  మెట్ల మీద మావాళ్లు ఒక్కరూ కదల్లేదు. బాబాయి గ్రౌండు వైపే చూస్తున్నారు.

“హా భయ్యా,” అన్నారు. “మై భీ థా ఉధర్. అచ్ఛా హువా థా.” నేనూ అక్కడే ఉన్నాను, బాగా జరిగింది అని.

అతను నవ్వి వెనక్కి వాలాడు. నేను ఆయన మొహం చూడలేక నా చెప్పుల వైపు చూస్తున్నాను. అప్పుడాయన నాకు మాత్రమే వినబడేలా అడిగారు. “నువ్వూ నవ్వేవేటమ్మా?”

లేదు అని చెప్పొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది కూడా.

“నవ్వాను బాబాయ్. ఆలోచన కూడా నాదే.”

ఆయన తల ఊపారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నేను లేవబోతే నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

“కూచో. మనం మధ్యలో లేచి ఎల్లిపోతే వెనకాల ఆడికి తెలిసిపోద్ది” అన్నారు.

ఆట అయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.