హసింతా ఇంట్లో చావని పురుగు

చాకో మైదానపు పల్లెల్లో సాతుర్నినా చేతి పురుగుమందుకు తిరుగులేదని పేరు. ఆమె నోటికీ తిరుగులేదు. వీపున పంపు తగిలించుకుని వచ్చిందంటే ఆడవాళ్లు మంచాలూ కోళ్లూ బయట పడేసేవారు. మట్టిగోడ పగుళ్లలో దాగి, నిద్రలో నెత్తురు తాగి, జబ్బు అంటించి ఏళ్ల తర్వాత గుండెకే ఎసరు పెట్టే వించూకా నల్లి అంటే ఎవరికి భయం ఉండదు?

ఎన్నిసార్లు మందు కొట్టినా ఒక్క హసింతా ఇంట్లో నల్లులు మళ్లీ కనిపించేవి. హసింతా సాతుర్నినాకు సొంత చెల్లెలు. అక్కకు తల కొట్టేసినట్టయింది. ఊరి కూటంలో అందరి ముందూ కడిగిపారేసింది.

“ఊరంతా చచ్చే పురుగు నీ ఇంట్లోనే ఎందుకు బతుకుతోందే? చంటిపిల్లను పెట్టుకుని, కోళ్లను మంచం కింద పడుకోబెడతావా? సిగ్గులేదూ!”

“రోజూ ఊడుస్తూనే ఉన్నానక్కా,” అంది హసింతా. అందరూ కిసుక్కున నవ్వారు.

మందులో లోపం లేదని పట్నంలో పురుగుల మీద పరిశోధన చేసే డాక్టరమ్మ నోట అనిపిస్తే చెల్లెలి నోరు మూతపడుతుందని, ఆ ఇంటి నల్లులను పట్టి ఆమె ప్రయోగశాలకు ఇచ్చింది సాతుర్నినా. అవి గుడ్లు పెట్టి పిల్లలయ్యాక డాక్టరమ్మ కబురు పెట్టింది.

ప్రయోగశాల బల్ల మీద రెండు గిన్నెలు. రెండింటిలోని పిల్లపురుగుల వీపు మీదా ముందురోజే మందు చుక్క వేసింది డాక్టరమ్మ. తరతరాలుగా మందు ఎరగకుండా ప్రయోగశాలలోనే పెరిగినవి వెల్లకిలా పడి చచ్చాయి. హసింతా ఇంటివి గిన్నె అంచుకు ఎగబాకుతున్నాయి.

“అయ్యో తల్లీ! చుక్క సరిగ్గా పడలేదేమో?”

“పడింది. ఎక్కువేసీ చూశాను. ఇవి ఈ మందుకు లొంగవు సాతుర్నినా.”

“మరి కోళ్లు?”

“కోళ్లుంటే పురుగు పెరుగుతుంది. మందు తగిలాక కూడా బతకడం కోళ్ల వల్ల కాదు.”

సాతుర్నినా సంచి అందుకుంది. ఇన్నాళ్లూ ఎన్ని ఇళ్లలో “నిశ్చింతగా పడుకోండి” అని చెప్పి వచ్చింది! బస్సు దిగి చెల్లెలి ఇంటికి పరుగెత్తింది.

హసింతా ఒడిలో పసిపిల్లకు ఒక కన్ను వాచి మూసుకుపోయింది. వించూకా జబ్బు అంటిన గుర్తు అది. సాతుర్నినా దగ్గరికి వంగి ఆ కన్ను చూసింది.

“ఎన్నాళ్లయిందే? ఆసుపత్రికి తీసుకెళ్లలేదేం?”

“అక్కడా అందరి ముందూ తిడతారని భయమేసిందక్కా.”

“లే! ఇప్పుడే మందు పడితే నయమవుతుంది, లే!”

“ఇంట్లో నల్లులెందుకున్నాయని వాళ్లడిగితే ఏం చెప్పను?”

సాతుర్నినా పిల్లను గుండెకు హత్తుకుంది. గుమ్మం వైపు నడుస్తూ అంది:

“మా అక్క కొట్టిన మందు పనిచెయ్యలేదని చెప్పు. ఊరంతా వినేలా చెప్పు.”