గోరింక కోసం కోసిన వల కన్నులు

2022, వానలు వెనకబట్టిన రోజులు. మంచిర్యాలలో తాళ్లు, వలలు, టార్పాలిన్లు అమ్మే దుకాణం నాది. ఆ ఏడు మోనో నెట్ కొత్తగా తెచ్చాను. ఒంటిపోగు నైలాన్ వల అది. చెట్టు మీద పరిస్తే కంటికి ఆనదు. ఆ గుణాన్నే పొగిడి పొగిడి అమ్మాను.

బొగ్గుబావి క్వార్టర్లలో ఉండే రాజవ్వ పిట్టలు కాయలు కొట్టకుండా తన జామచెట్టుకు ఒకటి కొన్నది. వారం తిరగకముందే ఫోన్.

"సేటూ, నీ వలల గోరింక వడ్డది. జల్ది రా."

వల వాపసు ఇస్తుందేమోనని దారంతా వాదన సిద్ధం చేసుకుంటూ పోయాను. చూస్తే గోరింక ఒక రెక్క విప్పుకుని వేలాడుతోంది. కాలికి పోగు చుట్టుకుంది.

"ఇడిపిద్దామని గుంజిన. ఇంక బిగిసింది," అన్నది రాజవ్వ. నేను కత్తెర తీయగానే చెయ్యి పట్టుకుంది. "కొత్త వల సేటూ. ఒక్క కన్ను కోస్తే సాలు."

వల గడిని మేము కన్ను అంటాం.

"ఒక్క కన్నుతోని ఏమైతది అవ్వా? పది కోయాలె."

"పదా! రెండు."

"ఎనిమిది."

"నీది గాదు నాది గాదు, మూడు."

గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని, బేరం మొదలైతే ఒళ్లు తెలియదు. నేను ఆరుకు దిగి, ఆమెను నాలుగుకు ఎక్కించి, ఐదు దగ్గర ముడిపెడదామని చూస్తుండగా గోరింక కొట్టుకోవడం ఆపింది. ముక్కు తెరిచి తల వేలాడేసింది.

రాజవ్వ నా చెయ్యి వదిలేసింది. "వల గంగల పోనీ సేటూ! కోయి!"

తువ్వాలుతో దాని తల కప్పాను. చీకటైతే పిట్ట బెదరదు. పోగులు లాగకుండా, చుట్టూ ఉన్న వలను దూరంగా కోసి, పిట్టను చేతిలోకి తీసుకున్నాక ఒక్కో పోగూ కత్తిరించాను. అయిపోయిందనుకుని వదలబోయాను.

"ఆగు ఆగు! రెక్క సందుల ఇంకోటున్నది. కండ్లు దుకాణంల వెట్టి అచ్చినవా?"

నా కళ్లద్దాలకు అందనిది ఆమె వేలికి తగిలింది.

"కనవడదని నువ్వే చెప్తివి గద," అన్నది. "గోరింకకు గూడ కనవడలే."

ఆ పోగు కూడా కత్తిరించాను.

చెప్పుల డబ్బాలో పెట్టి ఓ గంట నీడన ఉంచాం. మూత తీయగానే గోరింక గోడ మీదికి, అక్కణ్నుంచి కరెంటు తీగ మీదికి ఎగిరి, మా ఇద్దరినీ తిట్టడం మొదలుపెట్టింది.

"బతికింది దొంగది," అని నవ్వింది రాజవ్వ. "రేపు మల్ల నా కాయలకే వస్తది."

ఇప్పుడు పండ్ల చెట్టుకు వల అడిగితే, వేలు దూరనంత చిన్న కన్ను ఉన్న తెల్లవలే ఇస్తాను. వేలాడకుండా బిగించి కట్టమంటాను. పిట్ట పడిందని కబురొస్తే కత్తెర, తువ్వాలు, డబ్బా తీసుకుని పోతాను. పోయాక ముందు పిట్టను చూస్తాను, మాటలు తర్వాత. ఆ రోజు జామచెట్టు మీద ఎన్ని కన్నులు కోశామో మేమిద్దరం లెక్కపెట్టలేదు.