నిమ్మకాయల మీద ఎర్ర కారు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ప్రజ్ఞాపూర్‌లో సిద్దిపేట బస్సు కోసం నిలబడ్డాను. పక్కనే ఎవరో ఆలుమగలు కొత్త ఎర్ర కారుకు పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు సీట్లో దర్జాగా కూర్చున్న ఆమెను చూసి నా కడుపు మండింది. అతను యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. వానకు తడిసిన మట్టిలో వెనక టైర్లు గిర్రున తిరిగాయే గాని, కారు కదల్లేదు. లోలోపల సంబరపడ్డాను.

"ఇంజన్ల గంత జోరుంటే ఏం లాభం? టైర్లు భూమిని పట్టుకోవాలె గద!" అని ఆమె మొగుణ్ణి దెప్పి, నన్ను పిలిచింది. "అక్కా, జర ఎనుక కూసో. బరువుంటే పట్టుకుంటయి."

ఎక్కాను. సీటు ఎంత మెత్తగా ఉందో! కారు కదిలింది. సిద్దిపేట దాకా దింపుతారనే అనుకున్నాను.

"సాలక్కా, ఇగ దిగు. మేం పట్నం దిక్కు పోతున్నం, సిద్దిపేట దిక్కు గాదు."

బస్సులో నిలబడి వచ్చాను. ఆ సీటు ఆమెకు రోజూ ఉంటుంది కదా అని ఇప్పటికీ ఉడుక్కుంటాను. మీ ఇల్లు చల్లగుండాలి, మీ వాకిట్లోనూ ఒక కారు నిలవాలి.