ఖాళీలో కొట్టిన గీత

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా, జిరాక్స్ కొట్టు పక్కన ఒక ఇరుకు గదిలో దస్తావేజులు రాసే ఆయన కూర్చుంటాడు. వయసు అరవై దాటింది. బోర్డు మీద అసలు పేరున్నా అందరికీ ఆయన గీతల బాబాయే. రాసిన కాగితంలో ఎక్కడ ఖాళీ మిగిలినా ఆయన చెయ్యి ఊరుకోదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీత కొట్టేస్తుంది.

"ఖాళీ అంటే తలుపు తీసిపెట్టిన ఇల్లమ్మా. ఎవడో ఒకడు దూరి ఓ మాట రాసేసి పోతాడు" అన్నాడు నేను మొదటిసారి వెళ్లినప్పుడు.

"మరి మీ బట్టతల ఖాళీయేగా బాబాయ్, ఓ గీత కొట్టించుకోండి" అన్నాడు జిరాక్స్ కొట్టతను గోడ అవతలి నుంచి.

నాకు ఆ అలవాటు వింతగా అనిపించలేదు. నేను నీళ్ల పరీక్షల ల్యాబులో పని చేస్తాను. మా నోట్‌బుక్కులో కూడా ఖాళీ వదలకూడదు, గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి.

ఆయనకు ఇంకో అలవాటుంది. కొనేవాళ్లకు పరీక్ష పెడతాడు. మాటలు అర్థం కాకుండా సంతకం పెట్టనివ్వడు.

"క్రయం అంటే?"

"కొనడం."

"దఖలు?"

"డబ్బు తీసుకోకుండా ఇచ్చెయ్యడం."

"భారం?"

"బరువు" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ త్రాసులో తూగేది కాదు తల్లీ. ఇంటి మీద ఇంకొకరికి ఉండే హక్కు. మనిషి మారితే పోదు, గోడలతోనే ఉంటుంది. రేపు ఇల్లు నీదైతే ఆ భారమూ నీదే."

మేం కొనబోయే ఇంటికి ఏ భారమూ లేదని ఆఫీసు వాళ్లిచ్చిన కాగితం నా సంచిలో ఉంది. దాన్ని నేను నాలుగుసార్లు చదివాను.

రిజిస్ట్రేషన్ రోజున పదకొండింటికి మా వంతు. పదింటికే వెళ్లి బాబాయి గదిలో కూర్చున్నాం. మా ఆయన భుజం మీద తొమ్మిది నెలల పాప దగ్గుతోంది. మేమున్న అద్దింటి గోడలు చెమ్మెక్కి నల్లబడ్డాయి. ఆ దగ్గు అక్కడిదే. కొనబోయే ఇంట్లో మూడు గదులు. ముందు రెండింటిలోనూ చెమ్మ ఉంది. తేమ కొలిచే పరికరం పట్టుకెళ్లి మరీ చూశాను. పొడిగా ఉన్నది వెనక గదొక్కటే. పాప ఉయ్యాల అందులో ఏ మూల వెయ్యాలో కూడా అనుకున్నాను. ప్రస్తుతం అందులో ఒక పెద్దావిడ ఉంటోంది. "మా బంధువులే, నెలాఖరుకి మారిపోతారు" అన్నాడు ఇల్లమ్మేవాడు.

బాబాయి పాత దస్తావేజు ముందు పెట్టుకుని పైకి చదవసాగాడు. ఇరవై రెండేళ్ల కిందట ఇల్లమ్మేవాడి తండ్రి ఈ ఇంటిని కొడుక్కి దఖలు చేసిన కాగితం అది. అచ్చు ఫారంలో ఖాళీలు చేత్తో నింపి ఉన్నాయి. అది బాబాయి చేతిరాతే.

మూడో పేజీలో ఆయన గొంతు ఆగిపోయింది.

"కానివ్వండి బాబాయ్, టైమైపోతోంది" అన్నాడు ఇల్లమ్మేవాడు, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ.

బాబాయి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. "వెనక గదిలో... గారికి గల జీవితాంత నివాస హక్కుకు లోబడి..."

ఎవరికి? పేరుండాల్సిన చోట పేరు లేదు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిన్నని గీత ఉంది.

"గీత ఉందంటే ఎవరికీ లేదనేగా?" అన్నాడు ఇల్లమ్మేవాడు.

"కాదు నాయనా." బాబాయి ఆ గీత మీద వేలు పెట్టాడు. "మీ నాన్న ఆ రోజు చెల్లెలి పేరు చెప్పాడు, చిన్నమ్మి అని. ఇంట్లో పిలుచుకునే పేరు పనికిరాదు, రేషన్ కార్డులో పేరు కావాలన్నాను. కనుక్కొస్తానని వెళ్లాడు. ఈలోగా లోపల్నుంచి పిలుపొచ్చింది. ఖాళీలన్నిటికీ గీతలు కొట్టి పంపేశాను. దీనిక్కూడా."

పాప దగ్గింది.

"అయితే ఆ వెనక గదిలో ఆవిడ..." అన్నాను.

"మా చిన్నత్తయ్య" అన్నాడు ఇల్లమ్మేవాడు తల పక్కకు తిప్పుకుని. "చూడండి, చట్టప్రకారం అక్కడ పేరు లేదు. ఎవరూ అడగరు."

"నేను రాయను" అన్నాడు బాబాయి. "ఏ భారమూ లేదని నా చేత్తో రాయను. పక్క గదిలో ఇంకో లేఖరి ఉన్నాడమ్మా. అరగంటలో రాసిస్తాడు. నిన్ను తప్పు పట్టను."

గడియారం పదీ నలభై చూపిస్తోంది. మా ఆయన నా వైపు చూశాడు. "గది లేకపోతే ఉయ్యాల ఎక్కడ వేస్తాం?" అన్నాడు మెల్లగా. నెలాఖరుకి మేం ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇంకో ఇల్లు వెతికే వ్యవధి లేదు.

ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. మా నోట్‌బుక్కులో అయితే గీతకు ఒకటే అర్థం. కొలవలేదని. సున్నా వచ్చిందని కాదు. ఆ రెంటినీ ఒకటిగా రాసి సంతకం పెట్టినవాణ్ణి మా ల్యాబులో ఉంచరు.

"ఆవిడ పేరేంటి?" అని అడిగాను.

ఇల్లమ్మేవాడు తాళంచెవి తిప్పడం ఆపాడు. "చిన్నత్తయ్యనే పిలుస్తాం... కార్డులో ఏముందో..."

"ఫోన్ చెయ్యండి."

"మీకేమన్నా పిచ్చా? నాకేం పోయిందీ, రేపు ఆవిడతో ఉండాల్సింది మీరు!"

"అందుకేనండీ పేరు అడుగుతున్నాను."

మా ఆయన పాపను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "ముందుగదిలో గోడలకి సున్నం గీకించి, మళ్లీ పూత వేయిద్దాం" అన్నాడు. ఆ మాటలో ధైర్యం లేదు. నాకూ లేదు.

ఫోన్ స్పీకర్లో పెద్దావిడ గొంతు వినిపించింది. "ఇన్నాళ్లకి నా పేరెందుకురా నీకు? పోస్టులో ఏమన్నా వచ్చిందా?" అని, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.

బాబాయి మా దస్తావేజుకి కొత్త కాగితం తీశాడు. పాత దస్తావేజులో లేఖరి పొరపాటున పేరు రాయవలసిన చోట గీత కొట్టినట్లు ముందే ఒక వాక్యం రాశాడు.

"మీ పరువు మీరే తీసుకుంటారా బాబాయ్? లైసెన్సు పోగలదు" అన్నాడు జిరాక్స్ కొట్టతను. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

"పోతే పోనీరా. నువ్వు రెండు కాపీలు తియ్యి, ఒకటి ఆవిడకి" అన్నాడాయన తలెత్తకుండా.

తర్వాత, వెనక గదిలో జీవితాంతం ఉండే హక్కు ఎవరిదో చెప్పే చోట ఆవిడ పేరు రాశాడు. అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. పేరు చిన్నది. పక్కన ఇంకా వేలెడు జాగా మిగిలింది. పేరు సరిగా ఉందో లేదో నా చేత రెండుసార్లు చదివించి, అప్పుడు ఆ మిగిలిన జాగాలో గీత కొట్టాడు.

లోపల్నుంచి మా నంబరు పిలిచారు.