మైకులో నేను మార్చి చెప్పిన మాట

ముప్పై ఏళ్లు దాటింది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే మీ చూపులోనూ ఏదో ఒకటి వెతికేవాణ్ణి.

అప్పుడు మేం ఉత్తరాదిన ఒక ఉక్కు కార్ఖానా ఊళ్లో, బర్మామైన్స్ అనే పేటలో ఉండేవాళ్లం. పక్కింటి పైడమ్మత్త ఒక్కగానొక్క కొడుకు సూరి మా ఇంటికొస్తే నా చెల్లెలు కాస్త గట్టిగా నవ్వేది. అంతే. అంతకుమించి నేనేమీ చూడలేదు. అయినా వాడి సైకిలు బెల్లు వినబడితే చాలు, చెల్లెలు ఎక్కడుందో చూసుకునేవాణ్ణి. ఇంట్లో ఉంటే అనుమానం, లేకపోతే మరీ అనుమానం.

సూరి మిలట్రీకి ఎంపికయ్యాడు. తల్లి పంపనని మొండికేసింది. వాడు పోతే పీడా పోతుందనుకున్నాను నేను.

ఆ రోజుల్లోనే దగ్గర్లోని అగ్రికో పేటలో మన తెలుగువాళ్లు ఒక విదేశీ సినిమా వేశారు. తెర మీద పడే ఇంగ్లీషు మాటలు చదివి నేను మైకులో తెలుగులో చెప్పాలి. తుపాకీ మోజుతో సైనికుల వెంట పోయిన ఒక కుర్రాడి కథ అది. ఊళ్లు తగలబడటం చూస్తాడు, శవాల మధ్య దాక్కుంటాడు. ఇల్లు చేరేసరికి వాడిది ముసలి ముఖం. తల్లి పిలిస్తే పలకడు. వాడు మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదని తెర మీద పడింది. ముందు వరసలో పైడమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"కొన్నాళ్లకి మాట్లాడాడు. అంతా సర్దుకుంది," అన్నాను మైకులో.

ఆమె ఏడుపు చూడలేక అన్నానా? చాలాకాలం అలాగే నమ్మించుకున్నాను. కాదు. అప్పుడు నా కళ్లు సూరి మీదే ఉన్నాయి. వాడు వెనక్కి తిరిగి నావైపు చూశాడు. మెట్రిక్ చదివినవాడికి తెర మీది ఆ ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదా? అయితే తల్లికెందుకు చెప్పలేదు? వెళ్లాలని వాడికీ ఉందా, లేక నన్ను కనిపెట్టి ఊరుకున్నాడా? ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే ఆమె వాణ్ణి పంపడానికి ఒప్పుకుంది. వాడు రైలెక్కిన రోజు నా చెల్లెలు ఏడవలేదు. దాన్నీ అనుమానించాను.

రెండేళ్లకి సూరి తిరిగొచ్చాడు. ఒంటి మీద గాయం లేదు. గుమ్మంలో కూర్చుంటాడు, పిలిస్తే పలకడు. ఒకరోజు పైడమ్మత్త నేరుగా నా దగ్గరికొచ్చింది. తెలిసిపోయిందనుకున్నాను.

"బాబూ, ఆ సినిమాలో గుంటడు మల్లీ మాటాడినాడన్నావు గదా. ఎన్నాళ్లు పట్టిందేటి?"

"ఏడాది పట్టిందత్తా."

"అయితే మావోడికింకా టైముంది," అంటూ వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచీ ఆమె వాడితో మాట్లాడుతూనే ఉండేది. గోడకి ఇవతల నేను వినేవాణ్ణి. ఏడాది నిండకుండానే దూరంగా పర్సుడీహ్ అనే పేటకి ఇల్లు మార్చేశాను. ఆమెకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మీకు చెబుతున్నాను. ఆ కుర్రాడు మళ్లీ మాట్లాడలేదు. తెర మీద ఉన్నది అదే.